అంతరిక్షం నుండి వర్షపాతం, తుపానుల కొలత: పొలం దగ్గరకు వచ్చేసరికి

ఒక మిల్లీమీటరు వాన కురిసిందంటే హెక్టారుకు పది వేల లీటర్ల నీరు చేరినట్లు. ఈ లెక్కను వ్యవసాయ కళాశాల మొదటి సంవత్సరంలోనే విద్యార్థులందరూ నేర్చుకుంటారు. ఆ మిల్లీమీటరును ఎవరు, ఎక్కడ, ఎంత వైశాల్యంలో కొలిచారన్న ప్రశ్న మాత్రం ఉద్యోగంలో చేరిన తరువాత, ఒక రైతు ఎదుట నిలిచి అడిగినప్పుడు గాని చాలామందికి తట్టదు. నాకు ఆ ప్రశ్న అనంతపురం ప్రాంతంలో ఒక వేరుశనగ చేను గట్టు మీద ఎదురైంది. ఊడలు దిగే దశలో పైరు వాడిపోయి ఉంది. మండల కేంద్రంలోని వర్షమాపకం మాత్రం పది రోజుల క్రితం మంచి వాన కురిసినట్లు నమోదు చేసింది. కనుక కాగితాల ప్రకారం అక్కడ బెట్ట లేదు. "మండలాఫీసులో పడిన వాన నా చేన్లో పడినట్టేనా సార్?" అని ఆ రైతు అడిగాడు. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే ఉన్న ప్రాంతంలో ఒక్క పదును వాన తప్పిపోవడం అంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఈ మధ్య ఇటువంటి ప్రశ్నకు చాలామంది యువ శాస్త్రవేత్తలు వెంటనే ఇచ్చే సమాధానం "ఉపగ్రహ సమాచారం చూద్దాం" అన్నది. ఆ సమాధానం కొంతవరకు సరైనదే. ఎంతవరకు అన్నది తెలియాలంటే ఉపగ్రహం వానను ఎలా కొలుస్తుందో, నిజానికి దేనిని కొలుస్తుందో తెలిసి ఉండాలి. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

వర్షమాపకం చిన్నది, భూమి పెద్దది

ముందుగా మన చేతిలోని పరికరం సంగతి చూద్దాం. మన దేశంలో విస్తారంగా వాడుకలో ఉన్న ప్రామాణిక వర్షమాపకం నోటి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు. రెండు వందల చదరపు కిలోమీటర్ల మండలానికి అటువంటిది ఒక్కటి ఉంటే, వెయ్యి కోట్ల భాగాలలో ఒక భాగాన్ని మాత్రమే మనం కొలుస్తున్నామన్న మాట. ప్రపంచంలో అందుబాటులో ఉన్న వర్షమాపకాలన్నింటి నోళ్లనూ ఒకచోట చేర్చినా అవి ఫుట్‌బాల్ మైదానంలో సగాన్నైనా కప్పలేవని ఒక శాస్త్రీయ అంచనా. సముద్రం మీద, కొన్ని దీవులను, తేలియాడే బోయాలను మినహాయిస్తే, కొలత దాదాపు లేదు. మన తీరాన్ని దెబ్బతీసే తుపానులు పుట్టేది, బలపడేది అక్కడే.

అలాగని వర్షమాపకాన్ని తక్కువగా చూడరాదు. అది వాననే కొలుస్తుంది. గరాటులో పడిన నీటినే మనం కొలపాత్రలో పోసి చదువుతాము. ఈదురు గాలిలో కొంత నీరు గరాటులో పడకుండా పక్కకు పోతుంది, తుపాను రోజున ఈ నష్టం ఎక్కువ. అయినా పడిన నీరు పడినట్లే. ఉపగ్రహాలలో ఏ ఒక్కటీ వాననీటిని తాకదు. అది కొలిచేది వికిరణాన్ని మాత్రమే. ఆ వికిరణం నుండి వానను ఊహించి లెక్కకడతారు. ఈ ఒక్క తేడాను మనసులో ఉంచుకుంటే మిగిలిన విషయమంతా సులభంగా బోధపడుతుంది.

మేఘం పైకప్పును చూసి చెప్పే పద్ధతి

టెలివిజన్‌లో మనం రోజూ చూసే మేఘాల చిత్రాలు భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులోని భూస్థిర ఉపగ్రహాల నుండి వస్తాయి. 2013 జూలైలో ప్రయోగించిన ఇన్శాట్-3డి 82 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద, 2016 సెప్టెంబరులో శ్రీహరికోట నుండి వెళ్లిన ఇన్శాట్-3డిఆర్ 74 డిగ్రీల వద్ద నిలిచి మన ప్రాంతాన్ని చూస్తూ వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో ఇన్శాట్-3డిఎస్ వీటికి తోడైంది. ఇవి ప్రతి అరగంటకూ ఒక చిత్రాన్ని ఇవ్వగలవు. ఇంత ఎడతెగని చూపు భూస్థిర కక్ష్యలో లేని ఉపగ్రహాలకు లేదు.

రాత్రింబవళ్లు పనికివచ్చేది పరారుణ చిత్రం. అందులో కనిపించేది మేఘపు పైభాగం ఉష్ణోగ్రత. ఎత్తుకు పోయే కొద్దీ గాలి చల్లబడుతుంది గనుక, పైభాగం ఎంత చల్లగా ఉంటే ఆ మేఘం అంత ఎత్తుకు ఎదిగినట్లు; అంత ఎత్తుకు ఎదిగిన మేఘం ఎక్కువ వాననిస్తుందని ఒక ఊహ. 1970, 80 దశకాలలో ఫిలిప్ ఆర్కిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ ఊహను ఆశ్చర్యపరచేంత సరళమైన సూత్రంగా మార్చారు. మేఘపు పైభాగం 235 కెల్విన్ కంటే, అనగా దాదాపు మైనస్ 38 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్న భాగమంతటా గంటకు 3 మి.మీ. వాన కురుస్తున్నట్లు లెక్కవేయాలి. అంతే. రెండున్నర డిగ్రీల పెద్ద గడులలో, రోజుల తరబడి సగటు తీసినప్పుడు ఉష్ణమండల సముద్రాల మీద ఈ మోటు లెక్క బాగానే పనిచేసింది. ఇన్శాట్ సమాచారం నుండి నేడు తయారయ్యే వర్షపాత అంచనాలు దీనికంటే చాలా మెరుగుపడినవే అయినా, వాటి మూలంలో ఉన్నది ఈ ఆలోచనే.

ఇంటి పైకప్పును చూసి లోపల పొయ్యి మీద ఏమి ఉడుకుతున్నదో చెప్పబూనడం వంటిది ఈ పద్ధతి. ఉరుముల మేఘం చల్లారిన తరువాత కూడా దాని దాగలి ఆకారపు తల, వాన చుక్క లేకుండా, గంటల తరబడి వందల కిలోమీటర్లు విస్తరించి ఉంటుంది. పరారుణ కంటికి అది చల్లని మేఘమే, కనుక వాన మేఘమే. దీనికి విరుద్ధంగా, పడమటి కనుమల మీద నైరుతి ఋతుపవనాల కాలంలో కురిసే వానలో చాలా భాగం పెద్దగా ఎత్తు లేని, పైభాగం అంతగా చల్లబడని మేఘాల నుండి వస్తుంది. అక్కడ కుండపోతగా కురుస్తున్నా పరారుణ లెక్క తక్కువే చూపుతుంది.

మేఘం లోపలికి చూసే సూక్ష్మతరంగాలు

మేఘం లోపలికి చూడాలంటే సూక్ష్మతరంగాలు కావాలి. భూమి, సముద్రం, వానచినుకు, మంచుపలుకు, ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతకూ స్వభావానికీ తగినంత సూక్ష్మతరంగ వికిరణాన్ని వెలువరిస్తుంది. సముద్రపు నీరు ఈ తరంగాలను తక్కువగా వెలువరిస్తుంది కాబట్టి పైనుండి చూసే పరికరానికి సముద్రం చల్లగా కనిపిస్తుంది. ఆ చల్లని నేపథ్యం మీద వానచినుకులు వెచ్చగా మెరుస్తాయి. 10, 19 గిగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యాల వద్ద ఈ తేడా స్పష్టం. కనుక సముద్రం మీద వానను నేరుగా చినుకుల నుండే అంచనా వేయవచ్చు.

నేల మీద ఈ సౌకర్యం లేదు. నేల తానే వెచ్చగా మెరుస్తుంది. చినుకుల మెరుపు అందులో కలిసిపోతుంది. అక్కడ వేరే దారి పట్టాలి. 85 నుండి 90 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మేఘం ఎగువ భాగంలోని మంచుపలుకులు కింది నుండి వచ్చే వికిరణాన్ని చెదరగొడతాయి. ఆ చోట చిత్రంలో చల్లని మచ్చ పడుతుంది. మంచు ఎక్కువ ఉంటే కింద వాన ఎక్కువ అని లెక్క. అంటే నేల మీద సూక్ష్మతరంగ పద్ధతి కూడా ఒక మెట్టు దూరం నుండే వానను చూస్తున్నది. మంచు లేని మేఘం నుండి వాన కురిస్తే దానిని పట్టుకోవడం కష్టం. తీరరేఖ వెంబడి ఒకే గడిలో సగం నీరు, సగం నేల ఉన్నప్పుడు లెక్క మరింత చిక్కుపడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో పనిచేసేవారు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి.

1972 డిసెంబరులో అమెరికా ప్రయోగించిన నింబస్-5 మీద 19 గిగాహెర్ట్జ్ పరికరం ఈ దారిలో తొలి అడుగులలో ఒకటి. మన దేశం ఈ రంగంలో ఆలస్యంగా ఏమీ రాలేదు. 1979 జూన్‌లోను, 1981 నవంబరులోను సోవియట్ భూమి నుండి ప్రయోగించిన భాస్కర-1, భాస్కర-2 ఉపగ్రహాలలో సమీర్ అనే సూక్ష్మతరంగ రేడియోమీటరు ఉన్నది. తరువాత 2011 అక్టోబరు 12న ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి శ్రీహరికోట నుండి మేఘ-ట్రాపిక్స్‌ను పంపాయి. భూమధ్యరేఖకు 20 డిగ్రీల వాలు మాత్రమే ఉన్న కక్ష్యలో తిరగడం దాని విశేషం. ధ్రువ కక్ష్యలోని ఉపగ్రహం ఒక ప్రదేశాన్ని రోజుకు రెండు పర్యాయాలు చూస్తే, ఇది ఉష్ణమండలాన్ని అంతకంటే ఎన్నో పర్యాయాలు చూసింది. వానను కొలిచే ముఖ్య పరికరం మద్రాస్ 2013 జనవరిలో పనిచేయడం మానివేయడం దురదృష్టకరం. గాలిలోని తేమను పొరలుపొరలుగా కొలిచే సాఫిర్ మాత్రం ఆ తరువాత కూడా చాలా కాలం విలువైన సమాచారాన్ని ఇచ్చింది. 2023 మార్చి 7న ఆ ఉపగ్రహాన్ని నియంత్రిత పద్ధతిలో వాతావరణంలోకి దించి ముగించారు.

అంతరిక్షంలో రాడార్

పై రెండు పద్ధతులూ వచ్చే వికిరణాన్ని స్వీకరించడంతో సరిపెట్టుకుంటాయి. రాడార్ తానే తరంగాన్ని పంపి, చినుకుల నుండి తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని కొలుస్తుంది. ప్రతిధ్వని వచ్చేందుకు పట్టిన కాలాన్ని బట్టి ఆ చినుకు ఏ ఎత్తులో ఉన్నదో తెలుస్తుంది. అనగా మేఘాన్ని పైనుండి కిందికి పొరలుగా కోసి చూసినట్లే. వాన కోసం అంతరిక్షంలోకి పంపిన మొదటి రాడార్ 1997 నవంబరులో జపాన్‌లోని తనెగషిమా నుండి బయలుదేరిన టీఆర్ఎంఎం ఉపగ్రహం మీద ఉన్నది. అమెరికా, జపాన్ సంస్థల ఉమ్మడి ప్రయత్నమది. రూపకల్పన దశ నుండి ప్రయోగం వరకు దానికి శాస్త్రీయ నాయకత్వం వహించినవారు జోఆన్ సింప్సన్. వాతావరణ శాస్త్రంలో డాక్టరేటు పొందిన మొదటి అమెరికన్ మహిళ.

350 కిలోమీటర్ల ఎత్తులో, 35 డిగ్రీల వాలులో తిరిగే ఈ ఉపగ్రహం ఒకే చోటిని ఒక్కొక్కరోజు ఒక్కొక్క వేళలో చూసేది. ఇది లోపంగా తోచవచ్చు గాని, ఉద్దేశపూర్వకమైన ఏర్పాటు. రాయలసీమలో సాయంత్రపు ఉరుముల వాన, సముద్రం మీద తెల్లవారుజామున వాన వంటి దినచర్యను తెలుసుకోవాలంటే అన్ని వేళలలోనూ చూడాలి కదా. ఇంధనం ఆదా కోసం 2001లో దానిని 402 కిలోమీటర్ల ఎత్తుకు పెంచారు. మూడేళ్లు పనిచేస్తే చాలనుకున్న ఉపగ్రహం పదిహేడేళ్లు పనిచేసి, 2015 జూన్‌లో వాతావరణంలో దగ్ధమైంది.

రాడార్ కూడా వానను నేరుగా కొలవదని విద్యార్థులకు ఒక లెక్కతో చూపించడం నా అలవాటు. చినుకులోని నీరు వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. రాడార్‌కు తిరిగి వచ్చే ప్రతిధ్వని మాత్రం వ్యాసం ఆరవ ఘాతాన్ని బట్టి ఉంటుంది. ఒక మి.మీ. వ్యాసం గల చినుకులు ఎనిమిదింటిలో ఎంత నీరుందో, రెండు మి.మీ. చినుకు ఒక్కదానిలో అంత నీరుంటుంది. ప్రతిధ్వని మాత్రం మొదటి సందర్భంలో 8 పాళ్లు, రెండవ సందర్భంలో 64 పాళ్లు. నీరు సమానం, రాడార్‌కు ఎనిమిది రెట్ల తేడా. చినుకుల పరిమాణం తెలియకుండా ప్రతిధ్వని నుండి వానను చెప్పాలంటే ఏదో ఒక సగటు సంబంధాన్ని నమ్ముకోవలసిందే. 1948లో మార్షల్, పామర్ చేసిన పరిశీలనల నుండి వచ్చిన సంబంధం నేటికీ పాఠ్యపుస్తకాలలో ఉన్నది. కాని ముసురు చినుకు వేరు, జడివాన చినుకు వేరు.

2014 ఫిబ్రవరిలో అదే తనెగషిమా నుండి వెళ్లిన జీపీఎం ముఖ్య ఉపగ్రహం ఈ చిక్కును రెండు పౌనఃపున్యాలతో ఎదుర్కొంటుంది. 13.6, 35.5 గిగాహెర్ట్జ్ తరంగాలు పెద్ద చినుకులకూ చిన్న చినుకులకూ వేర్వేరుగా స్పందిస్తాయి. రెండింటి తేడా నుండి చినుకుల పరిమాణాన్ని అంచనా వేయవచ్చు. కక్ష్య వాలు 65 డిగ్రీలు కావడంతో ఉష్ణమండలం దాటి కూడా చూడగలదు. అయినా దాని రాడార్ చూపు పట్టీ వెడల్పు సుమారు 245 కిలోమీటర్లే. అంతేకాక నేల నుండి వచ్చే బలమైన ప్రతిధ్వని వలన భూమికి సమీపంలోని ఒకటి, రెండు కిలోమీటర్ల పొరలో వానను అది సరిగా చూడలేదు. ఇది వ్యవసాయదారులకు చిన్న విషయం కాదు. పొడిగాలి ఉన్న మెట్ట ప్రాంతాలలో మేఘం నుండి రాలిన చినుకులు ఆ చివరి కిలోమీటరులోనే ఆవిరైపోవచ్చు. దూరాన మేఘం కాళ్లు వేలాడుతూ కనిపించి, నేల తడవకపోవడం రాయలసీమలో అందరూ చూసినదే. ఉపగ్రహం అక్కడ వాన రాస్తుంది. చేను పొడిగానే ఉంటుంది.

ఒక్క రాడార్ భూమినంతటినీ ప్రతి అరగంటకూ చూడలేదు. అందుచేత దానిని కొలబద్దగా ఉంచి, అనేక దేశాల సూక్ష్మతరంగ ఉపగ్రహాల అంచనాలను దానితో సరిచూసి, వాటి మధ్య ఖాళీ సమయాలలో మేఘాల కదలిక వెంట వానను జరిపి, అవసరమైన చోట పరారుణ అంచనాలను చేర్చి తయారుచేసే సంకలనమే ఐమెర్గ్. అరగంటకు ఒక విలువ, 0.1 డిగ్రీ గడి. మన అక్షాంశాలలో ఒక గడి దాదాపు 120 చదరపు కిలోమీటర్లు. పరిశీలన తరువాత సుమారు నాలుగు గంటలకు తొలి అంచనా, పద్నాలుగు గంటలకు మలి అంచనా వస్తాయి. వర్షమాపకాలతో నెలవారీగా సరిచేసిన తుది అంచనాకు మూడు నెలలకు పైగా పడుతుంది. ఈ మూడింటినీ ఒకే సమాచారంగా భావించి ఒకే పట్టికలో కలిపిన సిద్ధాంత వ్యాసాలను నేను పరీక్షకుడిగా చూశాను.

తుపానుల విషయం

ఉపగ్రహం విలువ ప్రశ్నకు అతీతమైన చోటు ఏదైనా ఉంటే అది తుపాను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పది వేల మంది వరకు మరణించారు. అప్పటికి ఉపగ్రహ చిత్రాలు లేకపోలేదు. కాని చిత్రం నుండి తీవ్రతను లెక్కకట్టే పద్ధతి ఇంకా ఎదుగుతున్న దశలో ఉన్నది. ఆ సమాచారం పల్లెకు చేరే దారి అంతకంటే బలహీనం. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ ఆస్తిని, తోటలను ధ్వంసం చేసినా ప్రాణనష్టం పదుల సంఖ్యకు పరిమితమైంది. ఈ తేడాలో ఉపగ్రహాలకు, తీరపు రాడార్లకు, అన్నింటికంటే ముందుగా ప్రజలను తరలించిన యంత్రాంగానికీ వాటా ఉన్నది.

బంగాళాఖాతంలో తుపాను లోపలికి విమానాలు వెళ్లి గాలిని కొలిచే ఏర్పాటు నిత్యం లేదు. కనుక తీవ్రత అంచనా ప్రధానంగా 1970 దశకంలో వెర్నన్ డ్వొరాక్ రూపొందించిన పద్ధతి మీద ఆధారపడి ఉంటుంది. మేఘపు పట్టీ ఎంతవరకు చుట్టుకున్నది, కన్ను ఏర్పడిందా, కన్ను ఎంత వెచ్చగా, దాని చుట్టూ మేఘం ఎంత చల్లగా ఉన్నది అన్న లక్షణాలను చూసి 1 నుండి 8 వరకు ఒక సంఖ్యను ఇస్తారు. దానిని టి-సంఖ్య అంటారు. 2.5 వద్ద గాలి గంటకు సుమారు 65 కిలోమీటర్లు, అది తుపాను స్థాయి. 4 వద్ద 120, 5 వద్ద దాదాపు 165, 6 వద్ద 210 దాటుతుంది. గాలిని కొలవకుండా ఆకారాన్ని చూసి గాలి వేగాన్ని చెప్పే ఈ పద్ధతి యాభై ఏళ్ల తరువాత కూడా నిలిచి ఉండటం ఆ శాస్త్రవేత్త పరిశీలనా శక్తికి నిదర్శనం.

పైన తెరలాంటి మేఘం కప్పివేసినప్పుడు పరారుణ చిత్రంలో కన్ను కనిపించదు. అప్పుడు సూక్ష్మతరంగ చిత్రం ఆ తెరను దాటి లోపలి కంటి గోడను చూపుతుంది. టీఆర్ఎంఎం రాడార్ ఈ విషయంలో మరొక మెట్టు ఎక్కింది. కంటి గోడలో అసాధారణ ఎత్తుకు ఎదిగే ఉష్ణ శిఖరాలను అది కొలిచింది. 1998 ఆగస్టులో అట్లాంటిక్‌లోని బానీ హరికేన్‌లో అటువంటి శిఖరం 18 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. అవి కనిపించిన తరువాతి గంటలలో తుపాను బలపడే అవకాశం ఎక్కువని ఆ సమాచారం మీద జరిగిన పరిశోధనలు చూపాయి. ఈ ఉష్ణ శిఖరాల భావనను 1950 దశకంలోనే హెర్బర్ట్ రీల్‌తో కలిసి ప్రతిపాదించింది జోఆన్ సింప్సనే. తాను కాగితం మీద ఊహించినదానిని నలభై ఏళ్ల తరువాత తానే పంపించిన రాడార్‌లో చూసే భాగ్యం శాస్త్రవేత్తలలో కొద్దిమందికే దక్కుతుంది. సముద్రపు అలల గరుకుదనం నుండి గాలి వేగాన్ని, దిశను కొలిచే పరికరాలు మన ఓషన్‌శాట్-2, స్కాట్‌శాట్-1, ఓషన్‌శాట్-3 ఉపగ్రహాల మీద వెళ్లాయి. భారీ వానలో ఆ కొలత చెడుతుంది గాని, తుపాను చుట్టూ గాలి ఎంత దూరం విస్తరించిందో తెలుసుకోవడానికి వాటికి సాటి లేదు.

వ్యవసాయ విస్తరణ దృష్టితో చూస్తే గాలి కంటే వాన లెక్కే మనకు ముఖ్యం. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ గాలి తీవ్రతలో హుద్‌హుద్‌కు సాటి రాదు. కాని అది తీరం వెంబడి నెమ్మదిగా కదిలింది. ముందు చెన్నైని ముంచి, ఆ తరువాత మన డెల్టాలో వరి పనల మీద ఉన్న సమయంలో వచ్చింది. తుపానుకు ఇచ్చే హెచ్చరిక సంఖ్య గాలిని బట్టి ఉంటుంది; రైతు నష్టం మాత్రం తుపాను ఎంత నెమ్మదిగా కదిలింది, పంట ఏ దశలో ఉన్నది అన్నదానిని బట్టి ఉంటుంది. తీరం దాటిన రోజున కరెంటు, ఫోను లేక మండలాల నుండి వాన వివరాలు రాకపోయినా, ఉపగ్రహ తొలి అంచనా నాలుగైదు గంటలలో అందుబాటులో ఉంటుంది. ఆ అంకెను అక్షరాలా నమ్మవలసిన పని లేదు. భారీ వానల తీవ్రతను ఈ అంచనాలు తరచుగా తక్కువగా చూపుతాయి. కాని ఏ మండలంలో ఎక్కువ, ఏ మండలంలో తక్కువ అన్న వరుసక్రమం మొదటి రోజు నిర్ణయాలకు చాలు. ముందు ఎక్కడికి వెళ్లి మురుగు కాలువలు తెరిపించాలి, ఎక్కడ పనల మీద, పడిపోయిన కంకుల మీద గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణం పిచికారీ చేయించాలి అన్నది అప్పటికి తేల్చుకోవాలి. మరుసటి రోజు వర్షమాపకాల వివరాలు వచ్చిన తరువాత సరిచూసుకోవచ్చు.

తేదీ ఒకటే, రోజు వేరు

కొన్నేళ్ల క్రితం నా వద్ద స్నాతకోత్తర విద్యార్థి ఒకరు మెట్ట ప్రాంతపు వర్షమాపకాలను ఐమెర్గ్ రోజువారీ సమాచారంతో పోల్చారు. సహసంబంధం చాలా తక్కువగా వచ్చింది. ఉపగ్రహ సమాచారం మన ప్రాంతానికి పనికిరాదని ముసాయిదాలో రాశారు. నేనూ చదివి సంతకం చేశాను. లోపం ఉపగ్రహంలో లేదని ఆ తరువాత ఒక సాయంత్రం పట్టికలు తిరగేస్తుండగా తెలిసింది.

మన వర్షమాపకాన్ని ఉదయం 8.30 గంటలకు చదువుతాము. జూలై 15 తేదీతో రాసిన వాన జూలై 14 ఉదయం 8.30 నుండి 15 ఉదయం 8.30 వరకు కురిసినది. ఉపగ్రహపు రోజువారీ విలువ ప్రపంచ ప్రామాణిక కాలాన్ని అనుసరిస్తుంది. జూలై 15 తేదీ గల ఉపగ్రహ విలువ మన కాలమానంలో 15 ఉదయం 5.30 నుండి 16 ఉదయం 5.30 వరకు. తేదీకి తేదీ జతచేస్తే ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది మూడు గంటలు మాత్రమే. ఒక రోజు వెనక్కు జరిపితే ఉమ్మడి కాలం ఇరవై ఒక్క గంటలు అవుతుంది. అసలు సరైన పద్ధతి అరగంట విలువలను తీసుకొని, ప్రామాణిక కాలం 3 గంటల నుండి మరుసటి రోజు 3 గంటల వరకు నలభై ఎనిమిదింటిని కూడటం. ఆ విలువలు గంటకు మిల్లీమీటర్లలో ఉంటాయి గనుక ఒక్కొక్కదానిని సగం చేసి కూడాలి. ఇది మరచినవారికి వాన రెట్టింపు అవుతుంది. సరిచేసిన తరువాత ఆ విద్యార్థి ఫలితాలు మారాయి. సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం మొత్తం తిరిగి రాయవలసి వచ్చింది.

సరిచేసిన తరువాత కూడా మిగిలిన తేడాలు చూడదగినవి. నెల మొత్తాలు బాగా కలిశాయి. రోజువారీ విలువలు అంతగా కలవలేదు. 2.5 మి.మీ. అటూఇటూ ఉండే చిన్న వానల దగ్గర ఎక్కువ పేచీ వచ్చింది. కారణం ఊహించగలిగినదే: కాలం, వైశాల్యం పెరిగే కొద్దీ ఎక్కువ తక్కువలు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. బెట్టను లెక్కించేవారికి అసలు కష్టం ఇక్కడే. 2.5 మి.మీ. లేదా అంతకు మించి కురిస్తే అది వర్షపు రోజు. ఇరవై రోజుల బెట్ట మధ్యలో ఉపగ్రహం పొరపాటున ఒక రోజు 3 మి.మీ. చూపితే, ఆ బెట్ట రెండు ముక్కలై పది, తొమ్మిది రోజుల చిన్న విరామాలుగా కాగితం మీద మిగులుతుంది. మొత్తం వర్షపాతంలో ఆ 3 మి.మీ. దోషం లెక్కలోకే రాదు. వాతావరణ ఆధారిత బీమాలో వరుస పొడిరోజులను లెక్కించే చోట మాత్రం అదే రైతుకు వచ్చే పరిహారాన్ని మాపివేయగలదు. ఈ కారణంగానే ఒక గ్రామంలో బెట్ట ఉన్నదా లేదా అన్న తగాదాను ఉపగ్రహ వర్షపాతం ఒక్కదానితో తీర్చడాన్ని నేను సమర్థించను. వర్షమాపకం లేని చోట అది సాక్షులలో ఒకటి కావచ్చు. దానితో పాటు నేల తేమ, పైరు పచ్చదనం చూపే చిత్రాలు, పొలం పరిశీలన ఉండాలి.

మరి ఆ వేరుశనగ రైతు ప్రశ్న? ఆ వారపు అరగంట విలువలను తరువాత తీసి చూశాను. ఆయన చేను, మండల కేంద్రం రెండూ ఒకే గడిలో ఉన్నాయి. ఆ 120 చదరపు కిలోమీటర్లకు ఉపగ్రహం ఇచ్చిన సగటు మండల వర్షమాపకం చూపిన దానిలో మూడో వంతు కూడా లేదు. సాయంత్రపు ఉరుముల వాన ఒక పక్క కురిసి, మరొక పక్క కురవలేదని దీని నుండి ఊహించవచ్చు. ఏ పక్క కురిసిందో ఆ అంకె చెప్పలేదు. మరుసటి ఖరీఫ్ నుండి ఆ గడిలో ఐదు గ్రామాలలో ఐదుగురు రైతుల చేలలో ప్లాస్టిక్ వర్షమాపకాలు నాటించాము. ఉదయం 8.30కి చదివి గోడ క్యాలెండరు మీద తేదీ పక్కన రాయమని చెప్పాము. ఆ ఐదింటిలో ఒకటి ఆయన చేనిలోనే ఉన్నది.